ఇంట్లో నాతో ఎవరూ పోట్లాడటం లేదు

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 44 ఏళ్లు. హైస్కూల్లో లెక్కల టీచర్ని. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయి ఏడాది దాటింది. ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. రిపోర్టులన్నీ బాగున్నాయి. "ఇక హాయిగా ఉండండమ్మా" అన్నారు డాక్టరుగారు. ఆ హాయి ఎక్కడుందో నాకు అంతుపట్టడం లేదు. మా అత్తగారు బకెట్ నీళ్లు కూడా ఎత్తనివ్వరు. మావారు ఏదడిగినా "నీ ఇష్టం" అంటారు. పదో తరగతి చదివే మా అమ్మాయి ఇదివరకు మాటకి మాట అప్పజెప్పేది. ఇప్పుడు నేను పిలవకముందే వచ్చి నిలబడుతుంది. స్కూల్లో "మీకు రెస్టుగా ఉంటుంది" అని పదో తరగతి లెక్కలు తీసేసి లైబ్రరీ అప్పగించారు. స్టాఫ్ రూములోకి అడుగు పెడితే మాటలు ఆగిపోతాయి. పిల్లల పేర్లు గుర్తుకు రావు. ఎంత పడుకున్నా నీరసం పోదు. నడుం పట్టేస్తే ఎముకకి పాకిందేమోనని రాత్రంతా కన్ను మూతపడదు. మూడు నెలలకోసారి ఒళ్లంతా స్కాన్ చేయించుకుంటే ధైర్యం వస్తుందా? ఇంతమంది ఇంత బాగా చూసుకుంటుంటే సంతోషంగా లేనని చెప్పుకోవడానికి కూడా సిగ్గేస్తోంది.

జవాబు: చెల్లీ, నీ ఉత్తరంలో నాకు బెంగ పుట్టించింది నీ నడుం నొప్పి కాదు, మీ అమ్మాయి. పదో తరగతి పిల్ల తల్లికి ఎదురు చెప్పడం మానేసిందంటే బుద్ధిమంతురాలు అయిపోయిందని అనుకోకు. భయపడిపోయింది. తను విసుక్కుంటే, తలుపు ధడాలున వేస్తే, అమ్మకి మళ్లీ ఏదో అవుతుందని లోలోపల లెక్క వేసుకుని ఉంటుంది. ఆ లెక్క తప్పని ఎవరో ఒకరు చెప్పాలి. లెక్కల టీచరువి, నువ్వే చెప్పు. "నువ్వు నాతో పోట్లాడినంత మాత్రాన నా జబ్బు తిరగబెట్టదు. దానికీ దీనికీ సంబంధం లేదు" అని సూటిగా, ఒక్కసారి. చెప్పి ఊరుకుంటే సరిపోదు, నిరూపించాలి కూడా. తడి తువ్వాలు మంచం మీద పడేసిందనుకో, వెనకటిలాగే కేకలెయ్యి. మొదట బిత్తరపోతుంది. రెండోసారికి మూతి ముడుస్తుంది. మూడోసారికి "అబ్బా, నీ గోల ఆపమ్మా" అంటుంది. ఆ మాట విన్న రోజు నాకు ఇంకో ఉత్తరం రాయి.

నేనెవరో తెలియని కొత్త పాఠకుల కోసం ఒక ముక్క: నేను ఏళ్ల తరబడి క్యాన్సర్ వార్డులో నర్సుగా చేసి, ఆ తర్వాత అదే జబ్బుతో పేషెంటునయ్యాను. వైద్యం పూర్తయి డ్యూటీలో చేరితే నా చేతికి రిజిస్టరు తప్ప ఇంకేమీ ఇచ్చేవాళ్లు కాదు. నైట్ డ్యూటీ లేదు, డ్రెస్సింగులు లేవు. "నువ్వు కూర్చో, మేం చూసుకుంటాం." అందరూ నా వాళ్లే, అందరిదీ ప్రేమే. కూర్చుని కూర్చుని నాకు ఏడుపొచ్చేది. ఒకరోజు ఒకేసారి ముగ్గురు పేషెంట్లు వచ్చి పడ్డారు. ఆ హడావిడిలో మా సిస్టర్ ఇన్‌ఛార్జి నా సంగతి మర్చిపోయి, "ఏంటలా చూస్తావు, ఆ పెద్దాయనకి లైన్ పెట్టు!" అని అరిచింది. ఆయన చేతికి నరం దొరకడం మహా కష్టం. మణికట్టు పక్కన ఒకటి వేలికి తగిలింది, పెట్టేశాను. సెలైన్ బొట్టు బొట్టుగా దిగుతుంటే నాకు కలిగిన ఆనందం రిపోర్టు నార్మల్ వచ్చిన రోజు కూడా కలగలేదు.

అందుకే అంటున్నాను. నీకు సంతోషం లేకపోవడం కృతఘ్నత కాదు. నీ మీద ప్రేమ కొద్దీ అందరూ కలిసి నీ బరువులన్నీ దించేశారు. వాటితోపాటు నీ పెత్తనం, నీ మాట చెల్లుబాటు, నువ్వు లేకపోతే పని ఆగిపోతుందన్న ధీమా, అన్నీ దిగిపోయాయి. మనిషికి సంతోషం ఉండేది చాలావరకు అక్కడే. కాబట్టి సంతోషం వచ్చాక పనిలో పడదామని కూర్చోకు. ముందు పని వెనక్కి లాక్కో. ఒకేసారి అంతా వద్దు, కొంచెం కొంచెంగా.

బకెట్ దగ్గర మొదలుపెడదాం. చంకలోని లింఫ్ గ్రంథులు తీయించుకున్నవాళ్లు ఆ చేత్తో బరువెత్తకూడదని ఒకప్పుడు మేమే చెప్పేవాళ్లం, చెయ్యి వాస్తుందని. 2009లో ఆ మాటని పరీక్షకి పెట్టారు. రొమ్ము క్యాన్సర్ తర్వాత అప్పటికే చెయ్యి వాచి ఉన్న 141 మంది మహిళల్ని తీసుకుని, సగం మంది చేత ఏడాదిపాటు వారానికి రెండుసార్లు బరువులు ఎత్తించారు. చాలా తక్కువ బరువుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతూ, చేతికి బిగుతు తొడుగు వేసి. వాపు పెరగలేదు సరికదా, ఎత్తనివాళ్లకంటే ఎత్తినవాళ్లలోనే వాపు ముదరడం తక్కువగా కనిపించింది. అలాగని రేపే నిండు బకెట్ ఎత్తెయ్యమని కాదు. ఫిజియోథెరపిస్టుని కలిసి, చిన్న బరువుతో మొదలుపెట్టు. చెయ్యి బరువుగా అనిపించినా, గాజులో ఉంగరమో బిగుతైనా ఆపి చూపించుకో. ఈసారి హాస్పిటల్‌కి వెళ్లేటప్పుడు మీ అత్తగారిని వెంట తీసుకెళ్లు. కోడలు చెబితే మొండితనం, డాక్టరు చెబితే వైద్యం. ఆవిడ చూసుకున్న చూపుకి ఆవిడ ముందే డాక్టరు చేత నాలుగు మంచి మాటలు కూడా చెప్పించు. ఆవిడా భయపడిన మనిషే.

మీవారి "నీ ఇష్టం" గురించి. అది ఇష్టంతో అంటున్న మాట కాదని నీకూ తెలుసు. నిన్ను నొప్పించకూడదని ఒట్టు పెట్టుకున్నట్టున్నారు. నువ్వు ఆపరేషన్ థియేటర్లో ఉన్నంతసేపూ బయట ఆయన ఏం చేశారో ఎప్పుడైనా అడిగావా? మా వార్డు వరండాలో ఎంతమంది భర్తల్ని చూశానో. పేపరు తలకిందులుగా పట్టుకుని చదివేవాడు ఒకడు, లిఫ్టు ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టేవాడు ఇంకొకడు. ఇంటికెళ్లాక ఒక్కడూ చెప్పడు. అడుగు. పేషెంటు నువ్వే గనక తనకీ బాధ ఉందని చెప్పుకునే హక్కు లేదనుకుని ఉంటారు. ఆ మూట ఒకసారి విప్పితే, తర్వాత నీతో "అలా కాదు, ఇలా చేద్దాం" అని వాదించడం కూడా మెల్లగా మొదలవుతుంది.

ఇక స్కూలు. హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్లి "నాకు అన్నీ ఇచ్చెయ్యండి" అంటే ఆయన కంగారుపడతారు. పదో తరగతిలో ఒక్క సెక్షన్ అడుగు. ఉదయం పీరియడ్లు అడుగు, మధ్యాహ్నానికి ఓపిక ఎలాగూ తగ్గుతుంది. రెండు క్లాసుల మధ్య ఒక ఖాళీ పీరియడ్ అడుగు. మూడు నెలల తర్వాత మళ్లీ మాట్లాడుకుందామని చెప్పు. ఇలా కొలతలతో అడిగినవాళ్లకి ఎవరూ తేలిగ్గా కాదనలేరు. పేర్లు గుర్తు రాకపోవడం కీమో చేయించుకున్న చాలామందికి ఉండేదే. నెలలు గడిచేకొద్దీ చాలామందికి తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. ఎవరు ఏ బెంచీలో కూర్చుంటారో పేర్లతో ఒక పటం గీసుకుని టేబుల్ మీద పెట్టుకో. బోర్డు పైభాగంలో రాయడానికి చెయ్యి లాగితే లెక్క నువ్వు చెప్పు, పిల్లల్లో ఒకడు రాస్తాడు. వాడు తప్పు రాస్తే క్లాసంతా లేచి దిద్దుతుంది. అది మామూలు బోధన కంటే బాగానే ఉంటుందని నా అనుమానం.

స్టాఫ్ రూము సంగతి తేలిక. నీతో ఏం మాట్లాడాలో వాళ్లకి తెలియడం లేదు, అంతే. వెళ్లగానే పేపర్లు దిద్దే పని ఎక్కువైందని నువ్వే ముందు సణుగు. మిగతాది వాళ్లు అందుకుంటారు.

నీరసం మాటకొస్తే, విశ్రాంతితో పోయే నీరసం కాదది. వ్యాయామం మీద అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి 2019లో సలహాలు వెలువరించింది. వారానికి మూడుసార్లు, కనీసం 30 నిమిషాల చొప్పున కాస్త ఒగర్చేలా నడవడం లాంటివి చేస్తే క్యాన్సర్ తర్వాతి నీరసం, ఆందోళన, దిగులు తగ్గుతాయని చెప్పింది. మొదట్లో పది నిమిషాలైనా చాలు. టామాక్సిఫెన్ వల్ల ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి నిద్ర చెడడం కూడా మామూలే, డాక్టరుకి చెప్పు. ఎవరైనా దిగులు తగ్గే మాత్ర రాస్తే నువ్వు టామాక్సిఫెన్ మీద ఉన్నావని తప్పకుండా గుర్తుచెయ్యి. పరోక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ లాంటి కొన్ని మందులు టామాక్సిఫెన్‌ని శరీరంలో పూర్తిగా పనిచెయ్యనివ్వవు. వాటి బదులు వాడదగ్గ మందులు వేరే ఉన్నాయి.

చివరికి ఉంచింది భయం. 1985లో ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అనే అమెరికన్ డాక్టరు ఒక వైద్య పత్రికలో దీని గురించి రాశాడు. 32వ ఏట తన ఛాతీ ఎక్స్‌రే తానే చూసుకుని అందులో గడ్డ కనిపెట్టిన మనిషి ఆయన. క్యాన్సర్ దాటినవాళ్ల జీవితంలో మూడు కాలాలు ఉంటాయన్నాడు. వైద్యం నడిచే కాలం ఒకటి. అది అయిపోయాక, ఒంట్లో సత్తువ లేక, తిరగబెడుతుందేమోనని కాచుకుని కూర్చునే కాలం రెండోది. భయం రాజ్యమేలేది అందులోనే, పైగా అప్పుడు హాస్పిటల్ వాళ్లు పక్కన ఉండరు. ఆ తర్వాత స్థిరపడే కాలం. నువ్వు రెండోదాంట్లో ఉన్నావు. మీ డాక్టరుగారు చెప్పిన "హాయి" మూడోదాంట్లోది. ఆయన కాస్త తొందరపడ్డారు.

మూడు నెలలకోసారి ఒళ్లంతా స్కాన్ వద్దు. ఏ లక్షణమూ లేని రొమ్ము క్యాన్సర్ పేషెంట్లకి అలాంటి స్కాన్లు, రక్తంలో క్యాన్సర్ జాడ వెతికే ట్యూమర్ మార్కర్ పరీక్షలు మామూలుగా చెయ్యక్కర్లేదనే వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు పరీక్ష, ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చాలు. స్కాన్‌లో ఏ చిన్న మచ్చో కనిపిస్తే, అది ఏమీ కాదని తేలేదాకా నువ్వు పడే నరకం నేను వార్డులో రోజూ చూసిందే. దాని బదులు ఒక కట్టుబాటు పెట్టుకో. కొత్తగా వచ్చిన నొప్పి రెండు వారాలు దాటినా, రోజురోజుకీ పెరుగుతున్నా ఫోను చెయ్యి. కొత్త గడ్డ తగిలినా, ఆయాసం వచ్చినా, కాళ్లలో పట్టు తప్పినట్టున్నా, టామాక్సిఫెన్ వాడుతుండగా మామూలుగా రాని రక్తస్రావం కనిపించినా రెండు వారాలు ఆగకు, వెంటనే చూపించుకో. క్లాసు తర్వాత క్లాసు నిలబడినందుకు పట్టిన నడుమైతే రెండ్రోజుల్లో అదే సర్దుకుంటుంది.

భయం అసలు లేకుండా పోవాలని మాత్రం కోరుకోకు. ఆస్ట్రేలియాలో 222 మందితో చేసి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, భయాన్ని తరిమే ప్రయత్నం మాని, దాన్ని పక్కన పెట్టి తమకి ముఖ్యమైన పనుల మీదికి మనసు మళ్లించడం నేర్పారు. ఉత్త రిలాక్సేషన్ నేర్చుకున్నవాళ్లకంటే వీళ్లకే భయం ఎక్కువ తగ్గింది. పక్కింట్లో రేడియో మోగుతున్నట్టు అనుకో. వెళ్లి కట్టెయ్యలేం, అలాగని మన పని ఆగదు. నీకు ముఖ్యమైనది ఏదో నువ్వే ఉత్తరంలో రాశావు: పదో తరగతి లెక్కలు. ఆ క్లాసు అడిగి తెచ్చుకో. ఇవన్నీ చేశాక కూడా రాత్రిళ్లు ఇలాగే గడుస్తుంటే మానసిక వైద్యుణ్ణి కలువు, అదీ వైద్యంలో భాగమే.

ప్రశ్న: అమ్మగారూ, నేను టైలర్ని, 57 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషనూ ఆక్సాలిప్లాటిన్ కీమో అయ్యాయి. కీమో ఆపి ఐదు నెలలైంది. వేళ్ల చివర్లు మొద్దుబారి సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను. బొత్తాలు, కాజాలు మా అబ్బాయి చూస్తున్నాడు. దుకాణం తనకొదిలేసి ఇంట్లో ఉండమంటున్నాడు. ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతోంది. ఈ వేళ్లు మళ్లీ దారికొస్తాయా?

జవాబు: తమ్ముడూ, మీకు అబద్ధం చెప్పను. ఆ మందు నరాల మీద చూపే ప్రభావం కీమో ఆపాక కూడా కొన్ని నెలలు పెరుగుతూ పోవచ్చు. తర్వాత మెల్లగా తగ్గుముఖం పడుతుంది. చాలామందికి ఏడాది, ఏడాదిన్నరలో బాగానే మెరుగవుతుంది, కొందరికి కొంత మొద్దు అలాగే ఉండిపోతుంది. మంట, పోట్లు ఉంటే డులాక్సెటిన్ అనే మాత్ర పనికొస్తుందేమో డాక్టరుని అడగండి. ఉత్త మొద్దుదనానికి మాత్రం గట్టిగా నమ్మదగిన మందు లేదు.

మీ వృత్తిలో జాగ్రత్త పడాల్సింది ఇస్త్రీపెట్టె దగ్గర. వేలు కాలినా మీకు తెలియదు. వేడి చూడాలంటే వేళ్లతో కాదు, నీళ్ల చుక్క చిలకరించి చూడండి. గుండుసూదులు నోట్లోనో వేళ్ల మధ్యనో పెట్టుకునే అలవాటుంటే మానేసి సూదిమెత్తకి గుచ్చండి. పాదాలు కూడా మొద్దుబారి ఉంటే రాత్రి పడుకునేముందు అరికాళ్లు ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

దుకాణం సంగతి. అబ్బాయి నేర్చుకున్నది కుట్టు. మీకు వచ్చింది బట్ట. ముక్క టేబుల్ మీద పరిచి, రెండు భుజాలూ సమానంగా లేని మనిషికి ఎక్కడ అర అంగుళం వదలాలో చూడగానే చెప్పగలిగేది మీరు. కొలతలు, కటింగ్, ట్రయల్ మీ చేతిలో పెట్టుకోండి. సూది పని వాడికి వదిలెయ్యండి. సూదిలో దారం ఎక్కించే చిన్న తీగ పరికరం దొరుకుతుంది, పెద్ద కన్నున్న సూదులూ ఉంటాయి. వాటిని వాడితే నామోషీ ఏమీ లేదు. రోజూ కాసేపు రకరకాల బట్టల అంచులు కళ్లు మూసుకుని తడిమి ఏది ఏమిటో పోల్చుకోండి. నరాల చికిత్సలో ఇలాంటి అభ్యాసాలు చేయిస్తారు, మీకు మించిన విద్యార్థి వాళ్లకి దొరకడు.

ఇంకొకటి, మిషన్ ముందు కూర్చునే పని గనక గట్టిగా చెబుతున్నాను. మీలాగే పేగు క్యాన్సర్‌కి ఆపరేషనూ కీమో పూర్తయిన 889 మందితో చేసిన అధ్యయనం 2025లో బయటికొచ్చింది. మూడేళ్లపాటు పర్యవేక్షణలో వ్యాయామం చేసినవాళ్లలో ఐదేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నవాళ్లు దాదాపు 80 శాతం. పుస్తకంలో సలహాలు చదివి ఊరుకున్నవాళ్లలో 74 శాతం. వ్యాయామం చేసినవాళ్లలో చాలామంది చేసింది చురుగ్గా నడవడమే. దుకాణానికి నడిచి వెళ్లండి. అబ్బాయి అడిగితే డాక్టరు నడవమన్నాడని చెప్పండి.

ప్రశ్న: మేడమ్, నాకు 29. హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫ్ గ్రంథులకొచ్చే క్యాన్సర్) వచ్చి తగ్గింది, మూడేళ్లైంది. ఉద్యోగం చేసుకుంటున్నాను, బాగానే ఉన్నాను. చిక్కేమిటంటే, ఆఫీసులో ఏ కార్యక్రమం జరిగినా నన్ను స్టేజి ఎక్కించి "క్యాన్సర్ నేర్పిన పాఠాలు" చెప్పమంటారు. నిజానికి నాకు ఏ పాఠమూ తెలియలేదు. మునుపటిలాగే బద్ధకిస్తాను, క్రికెట్ చూస్తాను, మా తమ్ముడితో రిమోట్ కోసం కొట్టుకుంటాను. నాలో ఏదైనా లోపం ఉందా?

జవాబు: ఏమీ లేదు బాబూ. రిమోట్ కోసం కొట్టుకునే తమ్ముడున్నాడు, పై ఉత్తరం రాసిన టీచరమ్మ కంటే నువ్వు అదృష్టవంతుడివి. జబ్బు తర్వాత జీవితాన్ని కొత్తగా చూసేవాళ్లుంటారు, ఉన్నచోటే సుఖంగా కుదురుకునేవాళ్లూ ఉంటారు. ఒకరు గొప్పా కాదు, ఇంకొకరు తక్కువా కాదు. ఈసారి స్టేజి ఎక్కమంటే "నా పని గురించి మాట్లాడతాను, జబ్బు గురించి కాదు" అని చెప్పు. వినకపోతే ఎక్కి క్రికెట్ గురించి మాట్లాడు, మళ్లీ పిలవరు.

బద్ధకం ఒక్క విషయంలో పనికిరాదు. నీకు ఏ మందులు, ఎంత మోతాదు, రేడియేషన్ ఎక్కడ ఇచ్చారో రాసిన కాగితం హాస్పిటల్ నుంచి అడిగి తెచ్చుకుని దాచుకో. ఈ జబ్బుకి ఎక్కువగా వాడే డాక్సోరూబిసిన్ అనే కీమో మందు, ఛాతీకిచ్చే రేడియేషన్ ఏళ్లు గడిచాక గుండె మీద పని చూపించగలవు. రేడియేషనైతే థైరాయిడ్ మీద కూడా. ఇంకో పదేళ్లకి నువ్వు వెళ్లే డాక్టరుకి నీ పాత కథ తెలియదు. ఆ కాగితం ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకో, ఒక కాపీ మీ తమ్ముడికి పంపించు.